కంచె లోపలి గడ్డి

శాంతలింగయ్యవారిని ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడి ముఖం కాసేపు చూసి, "సరే, చూద్దాం" అని తన పనిలో పడేవారు. ఆ చూడటం ఒక్కోసారి ఆ సాయంత్రానికే ముగిసేది, ఒక్కోసారి ఋతువులు గడిచిపోయేవి. నల్లకొండ దిగువన ఆయన మఠంలో ఉన్న పాత శిష్యులందరికీ ఇది అలవాటే. ఓబుళనాయుడు మాత్రం కొత్తవాడు.

అతడు ఒక పాలెగారి కొలువులో చాలాకాలం రౌతుగా ఉన్నవాడు. ఒక ఊరి మీద పడ్డనాడు తన చేత్తో తాను చేసిన పనికి తనకే ఏవగింపు పుట్టి, కొలువు వదిలాడు, మాంసం మానాడు, ఎవరితోనూ చెప్పకుండా మఠానికి వచ్చాడు. వస్తూ తెచ్చుకున్నవి నీలి అనే నల్లటి ఆడగుర్రం, గుడ్డలో చుట్టిన కత్తి. కత్తిని గురువుగారు వంటింటి అటకమీద పడేయమన్నారు. గుర్రాన్ని మాత్రం నువ్వే చూసుకో అన్నారు.

అతడు అడిగిన ప్రశ్న ఇది.

"అయ్యవారూ, కత్తి వదిలి ఏడాది దాటింది. అయినా పొద్దున మెలకువ వచ్చేసరికి నా కుడిచెయ్యి పిడి పట్టుకున్నట్టు బిగిసి ఉంటోంది. ఎడమచేత్తో వేళ్ళు ఒక్కొక్కటే విప్పుకోవాల్సి వస్తోంది. నేను అన్నీ వదిలేశాను గదా, ఇది ఎక్కడినుంచి వస్తోంది?"

గురువుగారు అతడి ముఖం చూశారు. సరే, చూద్దాం అన్నారు.

మఠం వెనక వాగు వంపు తిరిగే చోట మంచి పచ్చిక ఉండేది. ఓబుళనాయుడు దాని చుట్టూ తుమ్మకంప నరికి తెచ్చి దట్టంగా కంచె వేశాడు. ఊరి పశువులు రాకూడదు, వాటి రోగాలు నీలికి అంటకూడదు, దారినపోయేవాళ్ళ దిష్టి తగలకూడదు. కొలువులో ఉండగా నీలి ఎన్నో రకాల నీళ్ళు తాగింది, ఎవరెవరి చేలోనో మేసింది. ఇక దాని నోటికి శుభ్రమైనదే అందాలని అతడి పట్టుదల. ఎండాకాలం వాగునీళ్ళు మోసి మరీ ఆ గడ్డిని పచ్చగా ఉంచాడు. గురువుగారు ఒకసారి అటుగా పోతూ, గుర్రాన్ని అప్పుడప్పుడు కొండమీదికి తోలుకుపొమ్మని చెప్పారు. బయట ఏం మేస్తుందో ఏమో అని అతడు నసిగాడు. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

వానలు పడ్డాక ఒకనాడు, కొండమీది మంచు వాగుదాకా దిగి, తెల్లారినా పొద్దెక్కనట్టే ఉంది. మేస్తున్న నీలి ఉన్నట్టుండి తల ఎత్తింది. మెడ వెనక్కి తిప్పి తన పొట్టకేసి చూసింది. ఎవరో పేరుపెట్టి పిలిస్తే చూసినట్టు చెవులు నిక్కించి, కాస్త ఆగి, మళ్ళీ గడ్డికి వంగింది. కాసేపటికి మళ్ళీ అదే చూపు. ఓబుళనాయుడు చుట్టూ తిరిగి చూశాడు. ఈగ లేదు, గాయం లేదు. ఒళ్ళు నిగనిగలాడుతోంది. మధ్యాహ్నానికి అది గిట్టతో నేలను తవ్వి, కూలబడి, పొర్లటం మొదలుపెట్టింది. అతడు లేపి నడిపించాడు. ఆగినప్పుడల్లా పొట్టకు చెవి ఆనించి విన్నాడు. గుర్రం కడుపు ఎప్పుడూ గడగడమంటూ ఉండాలి. అందులో ఏ చప్పుడూ లేదు. అతడి అలికిడి విని లోపల ఎవరో అడుగు ఆపినట్టుంది.

దగ్గరి కోటలోని గుర్రాల వైద్యుడు ఇమాం సాహెబుకు కబురు వెళ్ళింది. ఆయన వచ్చి వాయువిడంగాలు నూరి పట్టించాడు. నొప్పి దిగింది. తరువాత పడిన లద్దెలో తెల్లటి చిన్న చిన్న తునకలు కనిపిస్తే వాటిని పుల్లతో విడదీసి చూపించాడు. బద్దెపురుగు పట్టిందనీ, మందుకు కొంత పోయినా ఇక్కడే మేపితే మళ్ళీ పడుతుందనీ, మేత చోటు మార్చమనీ చెప్పి వెళ్ళాడు.

ఆ చివరి మాట ఓబుళనాయుడికి ఎక్కలేదు. పురుగు ఉంటే బయట ఉండాలి గాని, తాను కాపలా కాసిన గడ్డిలో ఎలా ఉంటుంది? ఎవరో తెచ్చి పడేసి ఉండాలి. ఆలోచించగా అతడికి బీరమ్మ గుర్తొచ్చింది. గొర్రెలు తోలుకుని రోజూ కంచె పక్కనుంచి పోయే ముసలి విధవరాలు ఆమె. ఒక్కోసారి కర్ర మీద గడ్డం ఆనించి నీలిని అదేపనిగా చూస్తూ నిలబడేది. అతడు కంచెను తన భుజాలు దాటేదాకా లేపాడు. ఆమె అడుగుల చప్పుడు వినబడితే చాలు, అతడి నోట్లో జపం ఆగిపోయేది.

వానాకాలం ఇంకా పోకముందే మళ్ళీ అలాంటి మంచు దిగింది. నీలి తల ఎత్తి, మెడ తిప్పి, పొట్టవైపు చూసింది. ఓబుళనాయుడు కంచెవైపు చూశాడు. కంప సందుల్లోంచి, గొంగడి కప్పుకున్న బీరమ్మ కదలకుండా నిలబడి కనిపించింది. ఆ తరువాత తాను వంటింట్లోకి వెళ్ళినట్టు గాని, అటక ఎక్కినట్టు గాని అతడికి జ్ఞాపకం లేదు. తెలివి వచ్చేసరికి కంచె అవతల ఆమె ఎదురుగా ఉన్నాడు. చేతిలో కత్తి ఉంది. నీలికి ఏం పెట్టావని తన గొంతు అడుగుతుంటే పక్కన ఉన్న మనిషెవరో అడిగినట్టు విన్నాడు.

బీరమ్మ పారిపోలేదు. కత్తినీ అతడినీ మార్చి మార్చి చూసింది.

"నాయుడా, అది నా పక్క చూడటంలేదు. దాని కడుపుకేసి చూసుకుంటోంది. నువ్వూ అటే చూడు" అంది.

అప్పుడే లోపల నీలి ధబ్బున పడింది. కత్తి ఎక్కడ జారిపోయిందో అతడు గమనించలేదు. బీరమ్మ కూడా అతడి వెనకే లోపలికి వచ్చి, చెమటతో తడిసి వణుకుతున్న గుర్రం మీద తన గొంగడి కప్పింది. గురువుగారు వచ్చి దాని తల ఒళ్ళో పెట్టుకున్నారు. ఇమాం సాహెబు చేరేసరికి దాని చిగుళ్ళు రంగు మారాయి. పొద్దు వాలకముందే ప్రాణం పోయింది. పోయేముందు కూడా ఒకసారి మెడ తిప్పబోయింది.

మర్నాడు పూడ్చే ముందు కడుపు కోసి చూడమని ఇమాం సాహెబును గురువుగారే అడిగారు. ఓబుళనాయుడు దగ్గరుండి చూశాడు. సన్నపేగు వెళ్ళి పెద్దపేగులో కలిసే చోట, నానిన ఆకుల్లాంటి తెల్లటి పురుగులు గుంపుగా మూతులు దిగేసి అంటుకుని ఉన్నాయి. అక్కడే పేగు, చొక్కా చెయ్యి లోపలికి తిరగబడినట్టు, తనలోకి తాను దూరిపోయి నల్లబడి ఉంది.

"పేగును పేగే మింగింది" అని ఇమాం సాహెబు చేతులు కడుక్కున్నాడు.

మన్ను కప్పాక గురువుగారు అతడిని కంచె లోపలికి తీసుకెళ్ళి, తడి గడ్డిలో బోర్లా పడుకుని చూడమన్నారు. ఆయన పూర్వాశ్రమంలో గుర్రాల బేరగాళ్ళ ఇంట పుట్టినవారని అతడికి అప్పుడే తెలిసింది. మొదట ఏమీ కనిపించలేదు. చూడగా చూడగా, పాత లద్దె చుట్టూ మిరియాల పొడి చల్లినట్టున్న నలుసులు కదిలాయి. కొన్ని గడ్డిపోచలు పట్టుకుని మెల్లగా పైకి ఎక్కుతున్నాయి. ఎటు చూస్తే అటు, చూపు ఆనినంత మేరా నేల కదులుతోంది. అతడు గభాల్న మొహం ఎత్తాడు.

గురువుగారు నిదానంగా చెప్పారు. ఆ నలుసులు ఏ పచ్చికలోనైనా ఉండే సన్న పురుగులు, వాటంతట అవి చెడ్డవి కావు. బద్దెపురుగు గుడ్లు లద్దెలో పడితే వాటిని ఇవి తింటాయి. గడ్డితోపాటు వీటిని గుర్రం తింటే బద్దెపురుగు మళ్ళీ దాని కడుపులో చేరుతుంది. నీలి ఇక్కడికి వచ్చిననాడే దాని కడుపులో ఒకటో రెండో ఉండి ఉంటాయి. తిరిగే గుర్రమైతే వాటి గుడ్లను పోయినచోటల్లా విడిచి ముందుకు పోతుంది. నీలి తాను విడిచినదాన్నే ఏడాది పొడుగునా మేసింది.

ఓబుళనాయుడు లేచి నేలమీదే కూర్చున్నాడు. కంచె అవతల గొర్రెల మెడగంటలు వినిపించి దూరమయ్యాయి.

"లోపలికి నేను ఏమీ రానివ్వలేదు, అయ్యవారూ" అన్నాడు చివరికి.

గురువుగారు లేచి, దట్టంగా అల్లిన ఆ తుమ్మకంపను చుట్టూరా చూశారు.

"బాగా కట్టావు నాయనా" అన్నారు. "బయటికి కూడా ఏమీ పోలేదు."