ఇరవై నాలుగో చోటు

అమరగిరి రాజు వీరకంపరాయలు ఆ సాయంత్రం పులి-మేక పటాన్ని ఎత్తి సభ మధ్యలోకి విసిరికొట్టాడు. ఓడిపోయి కాదు. వరసగా నూట పద్దెనిమిదోసారి గెలిచి.

"నాతో ఆడి గెలిచే మొనగాడు ఈ కోటలో ఒక్కడూ లేడా?" అని గద్దించాడు.

ఎందుకుంటాడు? రాజుగారు పులులు పట్టినా మేకలు పట్టినా ఓడిపోవడం అక్కడ అందరికీ ఉద్యోగధర్మం. రాజు పక్కన తాంబూలం పెట్టె పట్టుకుని నిలబడే తిప్పన్న కూడా ఇప్పటికి ముప్పైసార్లు ఓడాడు. ఓడిన ప్రతిసారీ రాజు ముఖం వాడిపోవడం చూసి అతనికి లోలోపల జాలేసేది. ఆడుకోవడానికి తోడు లేని మనిషికి ఎంత ఎత్తు సింహాసనం ఉంటే మాత్రం ఏం సుఖం?

రాయలు అందర్నీ పంపేసి తిప్పన్ననీ, క్రీడాధికారి నరసరాజునీ మాత్రం ఉండమన్నాడు.

"నేను పావురాలాటలో చేరతాను. ఏ జట్టులో చేరాలో మీరిద్దరూ తేల్చండి," అన్నాడు.

ఆ రోజుల్లో చుట్టుపక్కల సీమలన్నిటికీ పావురాలాట పిచ్చి పట్టుకుంది. ఆట పులి-మేకే. పులులు ఒక జట్టువి, మేకలు ఇంకో జట్టువి. జట్టుకి అయిదుగురు, అయిదు ఊళ్ళలో ఉంటారు. పటంలో గీతలు కలిసే చోట్లు ఇరవై మూడు. వంతు వచ్చినవాడు తన పులినో మేకనో ఎన్నో చోటికి జరుపుతున్నాడో చీటీ రాసి, పావురం కాలికి కట్టి వదులుతాడు. ఒకరి మొహం ఒకరు చూసేది లేదు. అందరివీ మారుపేర్లే.

"నా పేరు ముంగిస. ముంగిస ఎవరో మన ముగ్గురికి తప్ప నాలుగో మనిషికి తెలియకూడదు," అన్నాడు రాయలు.

నరసరాజు మీసం మెలేశాడు. "ఇందులో తేల్చడానికి ఏముంది ప్రభూ? విజయధ్వజం జట్టు. నలభై ఆటలు గెలిచారు." ఆ జట్టు నాయకుడు తన సొంత బావమరిదన్న ముక్క మాత్రం మింగేశాడు.

"గెలుపులు చూసి జట్టులో చేరడమంటే, గిన్నెల తళతళ చూసి విందుకి వెళ్ళడమే. కాస్త రుచి చూద్దాం ప్రభూ," అన్నాడు తిప్పన్న. "ఉక్కుపిడికిలి జట్టులోనూ, గంజికుండ జట్టులోనూ కూడా ఒక్కో ఖాళీ ఉంది."

"గంజికుండా?" నరసరాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "వాళ్ళు గెలిచింది ఏడే ఆటలు. ప్రభూ, నేను చెప్పిన జట్టు మీకు నచ్చకపోతే ఏడాదిపాటు పావురాల గూళ్ళు నేనే కడుగుతాను. నచ్చితే తిప్పన్న కడగాలి."

రాజు సరేనన్నాడు. నరసరాజు ఏదో పనున్నట్టు హడావిడిగా ఇంటికి వెళ్ళిపోయాడు.

కొత్తవాణ్ణి చేర్చుకునే ముందు, నడుస్తున్న ఆటలో ఒక్క ఎత్తు వేయించి చూడడం ఆ జట్ల ఆనవాయితీ. తిప్పన్న మూడు చీటీలు రాశాడు. మూడింటిలోనూ ఒకటే మాట: "ముంగిస మేక ఇరవై నాలుగో చోటికి."

"పటంలో ఇరవై నాలుగో చోటు ఎక్కడుందయ్యా?" అన్నాడు రాయలు.

"లేదు ప్రభూ. అందుకే అక్కడ పెట్టాను."

చీటీలు వెళ్ళాక రాయలికి అన్నం సయించలేదు. పదేపదే మేడ ఎక్కి ఆకాశం చూసేవాడు. అయిదో రోజు పొద్దున రెండు పావురాలు వాలాయి.

ఉక్కుపిడికిలి చీటీ: "అంకెలు రాని ముంగిసకి మా దగ్గర చోటు లేదు. మళ్ళీ పావురాన్ని పంపితే కూర వండుకుంటాం."

రాయలు కనుబొమలు ముడిచి రెండోది విప్పాడు. అది గంజికుండలో కవ్వం అనే ఆవిడ రాసింది.

"నాయనా ముంగిసా, ఇరవై నాలుగో చోటు పటంలో లేదు, మీ ఇంటి అరుగు మీద ఉందేమో చూసుకో. మొదట్లో కంగారు అందరికీ ఉంటుంది. నా మొదటి ఆటలో నేను ఏకంగా అవతలివాళ్ళ పులినే జరిపాను. నీ వంతు ఆపి ఉంచాం. తొందర లేదు, ఆలోచించి మళ్ళీ పంపు. తప్పు చేసినవాళ్ళు తమ చేత్తో పావురాలకి మానెడు జొన్నలు చల్లడం మా కట్టుబాటు. ఎగ్గొట్టావంటే ఊరుకోను."

రాయలు ఆ చీటీని రెండుసార్లు చదివాడు. పట్టాభిషేకం అయినప్పటినుంచీ ఆయనకి తప్పు అని చెప్పినవాళ్ళు లేరు. కళ్ళు చెమర్చాయి. తిప్పన్న చూడనట్టు తమలపాకులు తుడుస్తూ కూర్చున్నాడు.

అంతలో మూడో పావురం చీటీని గూటి దగ్గరే విప్పి పట్టుకుని నరసరాజు పరుగున వచ్చాడు. గొంతు సవరించుకుని గట్టిగా చదివాడు.

"ఆహా, ముంగిసగారూ. ఇంతటి ఎత్తు మా నలభై ఆటల్లో ఎరగం. పులులు దిక్కుతోచక నిలబడిపోయాయి. ఇకపై తమరే మా నాయకులు. మేకను ఇరవై... ఇరవై నాలుగో..."

నరసరాజు గొంతు సన్నబడింది.

"ఆపావేం? చదువు," అన్నాడు రాయలు. తర్వాత తిప్పన్న వైపు తిరిగాడు. "లేని చోట మేకను పెడితే ఒకరు తిట్టారు, ఒకరు దిద్దారు. వీళ్ళెందుకు పొగిడారు?"

తిప్పన్న తాంబూలం అందిస్తూ నెమ్మదిగా అన్నాడు:

"వాళ్ళు చూసింది మేకను కాదు ప్రభూ, మీ కిరీటాన్ని. అది నరసరాజుగారి బావమరిదికి ఎవరు చూపించారో వారినే అడగండి."

రాయలు మేడ అదిరేలా నవ్వాడు. తన మెడలోని ముత్యాల పేట తీసి తిప్పన్న మెడలో వేశాడు. "సాయంత్రం నాతో ఆటకి కూర్చో. ఈసారి నిజంగా ఆడకపోయావో, పేట వెనక్కి తీసుకుంటాను," అని, జొన్నలు తెప్పించి, అంగీ చేతులు పైకి మడిచి గూళ్ళ వైపు నడిచాడు.

తిప్పన్న వెనకే వెళ్తూ అన్నాడు:

"ధారాళంగా చల్లండి ప్రభూ. ఊడ్చడానికి క్రీడాధికారిగారు ఉన్నారుగా."