పక్కీరప్ప వంతు

కొండెక్కి మౌలాలి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గురువు బుడన్‌సాబు ముందు కూర్చున్నాడు. తండ్రి పక్కీరప్పకు మట్టి చేసి ముప్ఫై అయిదు రోజులైంది. పగలంతా సమాధి దగ్గర ప్రార్థన, ఇంటికొస్తే పరామర్శకు వచ్చే చుట్టాలు. మనిషి పీక్కుపోయాడు.

"స్వామీ, ఇంక అయిదు రోజుల్లో నాయన నలభయ్యో దినం. ఊరంతా వస్తారు. ఆయన గురించి నాలుగు మాటలు నన్నే చెప్పమంటున్నారు. నాకు ఒక్క మాటా దొరకడం లేదు."

బుడన్‌సాబు తెగిన చెప్పు వారు కుట్టుకుంటున్నాడు. డెబ్భై అయిదేళ్ళ మనిషి. తల ఎత్తకుండానే, "ఎందుకని?" అన్నాడు.

"చెప్పడానికి ఏముంది స్వామీ? దూదేకాడు. పరుపులు కుట్టాడు. మమ్మల్ని పెంచాడు. మా అన్న పోయాక అన్న బిడ్డను పెంచాడు. ఒక్కనాడు జపమాల పట్టిన పాపాన పోలేదు. పన్నెండేళ్ళుగా నేనీ కొండ మీద ఉన్నాను. మీ దర్శనానికి రమ్మని ఎన్నిసార్లు కబురు పెట్టానో! వచ్చే వారం చూద్దాంలే అనేవాడు. ఆ వారం రానేలేదు. సంసారంలో పడ్డవాడు సంసారంలోనే పోయాడు. గొప్పలు చెబితే అబద్ధం. ఉన్నది చెబితే నాకు నామోషీ."

గురువు దారం పంటితో కొరికాడు.

"మీ అన్న బిడ్డకు కాలు బాగుండదు కదూ?"

"మాబున్నీకా? పుట్టుకతోనే చచ్చుబడింది స్వామీ. నడవలేదు."

"మరి బడికి?"

"నాయనే వీపున మోసుకుపోయేవాడు. రెండు మైళ్ళు. నాలుగేళ్ళ నుంచీ."

"ఇప్పుడు?"

"మా వదిన కూలికి పోతా దించిపోతుంది. పని దిగినాక తెచ్చుకుంటుంది."

"బడి ఎప్పుడు వదుల్తారు?"

"నాలుగున్నరకు."

"మీ వదిన పని దిగేది?"

"పొద్దు గూకినాక," అన్నాడు మౌలాలి.

బుడన్‌సాబు చెప్పులు తొడుక్కున్నాడు. "పద," అన్నాడు.

వాళ్ళు పోయేసరికి బడికి తాళం వేసేశారు. వరండాలో తొమ్మిదేళ్ళ పిల్ల ఒక్కతే, సంచీ ఒళ్ళో పెట్టుకుని, స్తంభానికి ఆనుకుని కూర్చుంది. చిన్నాయనను చూసి ఆశ్చర్యపోయింది.

గురువు ఆమె ముందుకు పోయి, వీపు తిప్పి, కింద కూర్చున్నాడు. "ఎక్కు తల్లీ."

"స్వామీ, మీరెందుకు!" అంటూ మౌలాలి ముందుకొచ్చేలోపే పిల్ల ఆయన మెడ పట్టుకుంది. ముసలాయన స్తంభం ఆసరాతో లేచాడు. అయిదడుగులు వేశాడు. ఆరో అడుగుకు మోకాలు వణికింది. మౌలాలి మారు మాట లేకుండా ఆయన ముందు వంగి కూర్చున్నాడు.

పిల్ల బరువే. వంక దాటేటప్పుడు ఇసుకలో పాదాలు దిగబడ్డాయి.

"అట్ల కాదు చిన్నాయనా. ఈ కాలు అంత గట్టిగా పట్టుకుంటే నొప్పి. మోకాలి కింద చెయ్యి పెట్టు. తాత అట్లనే పెడతాడు."

అతను చెయ్యి మార్చుకున్నాడు. అర మైలు నడిచేసరికి చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. భుజాలు లాగేస్తున్నాయి. ఊపిరి అందడం లేదు.

"ఇక్కడ నిలబడు. తాత ఇక్కడే దించుతాడు," అంది మాబున్నీ.

రోడ్డు కింది కాలువ మీద కట్టిన మోరీ గోడ. పిల్లను దాని మీద కూర్చోబెట్టి మౌలాలి నడుము పట్టుకున్నాడు. గురువు వెనకగా వచ్చి నీడన నిలబడ్డాడు.

"దించి ఏం చేస్తాడు తల్లీ మీ తాత?" అని అడిగాడు.

"దమ్ము తీసుకుంటాడు. కొండ పక్క చూస్తాడు." పిల్ల చెయ్యి చాపింది. దూరంగా కొండ మీద పచ్చజెండా కనిపిస్తోంది. "చిన్నాయన కనపడతాడేమో అని. ఇంత దూరానికి యాడ కనపడతాడు!"

మౌలాలి అటు చూశాడు.

"మనమూ ఒకసారి పోదాం తాతా అంటే, మనం పోతే ఇంటి పని ఎవరు చేస్తారే అన్నాడు. మనందరి వంతు మొక్కు మీ చిన్నాయన ఆడ మొక్కుతాండాడు, ఆయన వంతు బరువు నేనీడ మోస్తాండా, సరిపోయిందిలే అన్నాడు."

చెప్పి, పిల్ల తన జడ సర్దుకుంది.

మౌలాలి కొండ వైపే చూస్తూ ఉండిపోయాడు.

"నిలబడకు నాయనా. పిల్లకు ఆకలేస్తుంటుంది," అన్నాడు వెనక నుంచి గురువు.

ఇల్లు చేరి మాబున్నీని గడప మీద దించాక మౌలాలికి నడుము నిటారు కాలేదు. కుళ్ళాయమ్మ వదిన ఇంకా కూలి నుంచి రాలేదు. గోడ పట్టుకుని లోపలికి పోయి, గంపలో వెతికి రొట్టె, నంచుకోవడానికి ఊరిమిండి తెచ్చి పిల్ల ముందు పెట్టాడు. ఆ ఇంట్లో రొట్టె ఎక్కడుంటుందో అతనికి ఆ రోజే తెలిసింది.

గురువు చెంబెడు నీళ్ళు తాగి లేచాడు.

"ఆగండి స్వామీ, నేనూ కొండకు వస్తాను," అన్నాడు మౌలాలి, పన్నెండేళ్ళ అలవాటుగా.

బుడన్‌సాబు వెనక్కి తిరగలేదు.

"రేపు బడి ఉంది కదా," అన్నాడు.