ఖాళీ తీరంలో వంతు

హైమవతి మాస్టారమ్మకి ప్రశ్నలకు జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరైనా ఏదైనా అడిగితే, అడిగినవాడి మొహం వైపు కాకుండా వాడి బోర్డు వైపు చూస్తుంది. "మైనం సరిగ్గా పట్టలేదు, మళ్ళీ రుద్దు" అంటుంది. ఈతలో పతకాలు తెచ్చి, ఆ పతకాలతో రైల్వేలో ఉద్యోగం తెచ్చుకుని, అది అయిపోయాక భీమిలికి ఉత్తరాన ఎవరూ రాని ఒక ఇసుక తీరం చూసుకుని అక్కడ సర్ఫింగ్ నేర్పుతోంది. నేర్చుకునేవాళ్ళం ఇద్దరం. ఒకడు కౌండిన్య, పళ్ళ డాక్టరు. రెండోవాణ్ణి నేను, కరెంటు సామాన్ల కొట్టువాణ్ణి.

నా సంగతి ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. ఈ విద్య నేను మొదట ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఫోన్లో వీడియోలు చూస్తూ ఇంట్లో మంచం మీద సాధన చేశాను. బోర్లా పడుకోవడం, ఒక్క ఉదుటున లేచి మోకాళ్ళు వంచి నిలబడటం, మళ్ళీ పడుకోవడం. మంచం కోడు విరిగిన రోజున మా ఆవిడ "సముద్రానికి కోళ్ళుండవు, అక్కడికే పొండి" అంది. వచ్చాను. అల మీద నిలబడటం నాకు ఇప్పటికీ రాలేదు. నన్ను ఒడ్డుకి తెచ్చి పడేయడం మాత్రం అలకి బాగా వచ్చేసింది. కౌండిన్య అలా కాదు. నీళ్ళమీద అతను నిలబడితే, ఆ నిలబడటం ఎవరో అతనికి పుట్టినప్పుడే నేర్పి పంపినట్టు ఉండేది. మాస్టారమ్మ మెచ్చుకునేది కాదు గానీ, అతని బోర్డుకి మైనం మళ్ళీ రుద్దమని ఎప్పుడూ అనలేదు. నా మటుకు నాకు అది పతకంతో సమానం.

మా తీరంలో రాళ్ళు లేవు. నీళ్ళడుగున ఇసుక మేట వేస్తుంది. ఆ మేట తగిలాకే అల లేచి విరుగుతుంది. మేట ఒకచోట ఉండదు, కిందటి నెల ఉన్నచోట ఈ నెల ఉండదు. ఆ రోజుల్లో దాని దక్షిణపు కొసన మాత్రం అల పద్ధతిగా, ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మడత పడుతూ విరిగేది. మాకు పనికొచ్చే అల అదొక్కటే. ఎల్లయ్య తెప్ప ఒడ్డుకి రావడానికి పనికొచ్చేదీ అదొక్కటే.

ఎల్లయ్య, అతని భార్య కాసులమ్మ ఆ తీరంలో మిగిలిన ఆఖరి చేపల వేటగాళ్ళు. మిగతావాళ్ళు ఇంజను పడవలు కట్టుకుని జెట్టీ ఉన్న ఊరికి పోయారు. తీరం ఖాళీగా ఉందని మేము మురిసిపోతాం గానీ, అది ఖాళీ అయింది అందుకే. ఎల్లయ్య చీకటుండగానే ఒక్కడే తెప్ప వేసుకుపోయి, పొద్దెక్కాక తిరిగొచ్చేవాడు. లోపలి నుంచి వచ్చేవాడికి అల వీపు కనిపిస్తుంది తప్ప మొహం కనిపించదు. ముందు వైపు అది ఎంత ఎత్తు లేచిందో ఒడ్డున ఉన్న మనిషికే తెలుస్తుంది. అందుకని అతను వచ్చే వేళకి కాసులమ్మ ఇసుక దిబ్బ ఎక్కి నిలబడేది. పెద్ద అలల గుంపు దాటిపోయేదాకా ఊరుకుని, నీళ్ళు కాస్త మెత్తబడగానే ఎర్ర గుడ్డ పైకెత్తేది. అది చూసి, వెనక్కి తిరిగి చూడకుండా, అతను తెడ్డు వేసేవాడు. ఆ గుడ్డ మీద అతనికున్న నమ్మకం నాకు నా కొట్టు తాళం మీద కూడా లేదు.

మాస్టారమ్మ మాకు పెట్టిన నియమం ఒక్కటే. "ఎర్ర గుడ్డ లేచిందంటే మీరు నీళ్ళలో లేనట్టు. ఉత్తరం పక్కకి పోయి పడుండండి. ఆ వంతు వాళ్ళది."

ఆ పొద్దున కాలు జారకుండా బోర్డుకి మైనం రుద్దుకుంటూ కౌండిన్య అడిగాడు. "మాస్టారమ్మగారూ, జనం ఉన్నచోట వంతులుంటాయి. ఒప్పుకుంటాను. ఇక్కడెవరున్నారండీ? మనం ముగ్గురం, అతనొక్కడు. ఇంత తీరం పెట్టుకుని, ఇంత సముద్రం పెట్టుకుని, ఎవరూ లేనిచోట కూడా వంతేమిటి? మంచి అల ఎప్పుడో ఒకటొస్తుంది. అప్పుడే ఆవిడ గుడ్డ లేస్తుంది."

మాస్టారమ్మ అతని బోర్డు వైపు చూసింది. "మైనం సరిగ్గా పట్టలేదు, మళ్ళీ రుద్దు" అంది.

నాకు లోపల కాస్త సంతోషం కలిగిన మాట నిజం.

ఆ రోజు నేను తొందరగానే ఒడ్డున పడ్డాను. బోర్డు పక్కన పెట్టుకుని దిబ్బ కింద కూర్చుంటే కాసులమ్మ పైనుంచి పలకరించింది.

"యేటి బావూ, అప్పుడే వొచ్చీసినారు? ఈయాల గంగమ్మ తల్లి మిమ్మల్ని నములనేదేటి?"

"నమిలింది. రుచి లేక ఉమ్మేసింది."

"ఒలమ్మ! ఇంతున్నారు, రుచి నేకపోడవేటి?" అని పడి పడి నవ్వింది. నవ్వుతున్నా ఆమె కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి. "మా ఆయన ఈయాల కొత్త వలట్టుకుని దిగినాడు బావూ. వల తేల్డానికి బెండ్లన్నీ నానే కట్టినాను. వానలన్నాళ్ళూ అదే పని. ఏళ్ళు సూడండి." వేళ్ళు చాచి చూపించింది. తాడు ఒరిసి ఒరిసి కాయలు కాచాయి. "కవళ్ళ సేపల గుంపు తగిలిందిప్పుడే. ఈ నాల్రోజులూ సాగితే యేడాదంతా మా తెప్ప మాదే, మా వల మాదే. నేకపోతే ఇంజను బోటు మీద కూలికెల్లాల. ఆ బోటోడు మా మేనల్లుడే. ఆడి కింద పని సెయ్యడవంటే ఈయనకి సావే."

అలలు ఒకదాని వెనక ఒకటి గుంపుగా వచ్చి విరిగిపోయాయి. వాటి అవతల తెప్ప మీద ఎల్లయ్య చిన్నగా కనిపించాడు. వల తెప్ప మీద కుప్పగా ఉంది. మధ్యమధ్య ఆ కుప్పలో వెండిలాగా మెరుస్తోంది. వేట పడిందన్నమాట. కాసులమ్మ మాట ఆపేసింది. ఆఖరి పెద్ద అల నురుగై ఒడ్డుకి పాకాక ఆమె చెయ్యి లేచింది. ఎర్ర గుడ్డ గాలికి రెపరెపలాడింది.

మాస్టారమ్మ బోర్డు తిప్పుకుని ఉత్తరం పక్కకి పోయింది. కౌండిన్య కూడా తిప్పాడు, సగం. అప్పుడే మేట కొసన ఒక అల లేచింది. పెద్దది కాదు. సాఫీగా, అద్దంలాగా, ఆ పొద్దున అంతా అతను కాచుకున్న అల అదే. ఎల్లయ్య దాని వీపు మీదికి తెప్పని ఎక్కించి తెడ్డు వేస్తున్నాడు. కౌండిన్య చూశాడో లేదో నాకు తెలియదు. చూశాడనే నా అనుమానం. సర్ఫింగ్ చేసేవాళ్ళకి ఒక కేక ఉంది. అల పట్టుకునేవాడు పక్కవాళ్ళు తప్పుకోవాలని ఆ కేక వేస్తాడు. నాకు ఆ కేక వేసే అవసరం ఎప్పుడూ రాలేదు. కౌండిన్య వేశాడు.

"నాది!"

మాస్టారమ్మ ఈల వేసింది. కాసులమ్మ గుడ్డ దించేసి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ దించి, గొంతు చించుకుని అరిచింది. ఒక్కసారి అల మీదికి ఎక్కిన తెప్పకి ఆగడం ఉండదు. తెప్ప దుంగలు మనిషి మీదికి పోతే ఏమవుతుందో ఎల్లయ్యకి తెలుసు. తెడ్డు అడ్డంగా గుచ్చి తెప్పని పక్కకి తిప్పేశాడు. తెప్ప అలకి అడ్డం తిరిగి బోల్తా కొట్టింది. వల కుప్పంతా విచ్చుకుని నీళ్ళలో పడింది. కౌండిన్య అందులోకే పడ్డాడు.

బోర్డు కొట్టుకుపోకుండా మేం కాలికి ఒక తాడు కట్టుకుంటాం. ఆ తాడు వలలో మెలిపడింది. బోర్డుని అల ఒడ్డు వైపు ఈడుస్తోంది, తడిసిన వల సముద్రం వైపు లాగుతోంది, మధ్యన మనిషి. అక్కడ నీళ్ళు ఛాతీ లోతు కూడా లేవు. అయినా అతని తల మునిగింది, లేచింది, మునిగింది. నేను లేచి పరిగెత్తాను. మోకాలి లోతుకి పోయి ఆగిపోయాను. అక్కడి నుంచి చేయి చాచాను. ఎంత దూరం చాచినా చెయ్యి చెయ్యంతే ఉంది. మాస్టారమ్మ బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో తోసుకుంటూ వస్తోంది, కానీ దూరంలో ఉంది. ఎల్లయ్యే దగ్గర. మొలలోంచి కత్తి తీసి మునిగాడు. పైకి లేచాడు, ఊపిరి పీల్చి మళ్ళీ మునిగాడు. మూడోమాటు లేచినప్పుడు కౌండిన్యని చంకలో పట్టుకుని లేచాడు.

ఒడ్డున పడుకోబెడితే కౌండిన్య నీళ్ళు కక్కుకుని, దగ్గి, కళ్ళు తెరిచాడు. కాలికి తాడు అలాగే ఉంది. తాడు చివర బోర్డు ఉంది. బోర్డుకి గీత కూడా పడలేదు. వల లేదు. బెండ్లు కట్టిన పైతాడు తెగాక అది రెండుగా చీలి, ఒక ముక్క లోపలికి పోయింది, రెండోది తెప్ప దుంగలకి చుట్టుకుని చిరుగుతోంది. కాసులమ్మ చీర గోచీ పెట్టి నీళ్ళలోకి దిగి అందినంత లాగింది. చేతికి నాలుగు బెండ్లున్న ఒక తాడు ముక్క వచ్చింది. కవళ్ళు తెల్లగా తేలి ఒడ్డుకి కొట్టుకొస్తుంటే, ఎక్కడున్నాయో ఏమో, కాకులు దిగాయి.

ఎల్లయ్య కౌండిన్య ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తప్పైపోనాది బాబూ. తెప్ప ఆగనేదు. మీ తాడు మాత్రం నాను ముట్టుకోనేదు, సూసుకోండి. మీ పలక కూడా సూసుకోండి."

"పర్లేదు ఎల్లయ్యా" అన్నాడు కౌండిన్య. మాట సన్నగా వచ్చింది. "పర్లేదు, పర్లేదు. నాకేం కాలేదు."

మాస్టారమ్మ అప్పుడే ఒడ్డెక్కింది. "ఎల్లయ్యా, వలెందుకు కోశావు? ఆ కాలి తాడు కోసేస్తే అయిపోయేది కదా?"

"అదెంత ఖరీదో యేటో నాకేటెరిక అమ్మగోరూ? కిందటేడు భీమిలి రిసార్టు కాడ మా బావమరిది తెప్ప తగిల్తే ఇలాటి పలకకే గీత పడిందని పొద్దంతా ఠాణాలో కూకోబెట్టీసినారు. వలంటే నాది. నాది నాను కోసుకుంటే అడిగీవోడెవుడు?"

మాస్టారమ్మ కిందికి వంగి కౌండిన్య చీలమండ దగ్గర ఒక వేలు పెట్టి లాగింది. తాడుని కాలికి అంటించి ఉంచే పట్టీ చర్రుమని ఊడి, తాడు ఇసకలో పడింది. ఆ పట్టీ ఉన్నదే అలా లాగితే ఊడటానికి. మొదటి రోజు మొదటి పాఠం అది. నీళ్ళలో కౌండిన్యకి గుర్తు రాలేదు, నేను ఒడ్డున నిలబడి కూడా అరిచి చెప్పలేదు.

కాసులమ్మ తడి తాడు ముక్క పట్టుకుని ఆ పట్టీ వైపు చూసింది. "అంతేనా?" అంది. "సంటిపిల్లల జోడుకున్నట్టుగ... అంతేనా?" ఎల్లయ్య ఆ పట్టీ వైపు చూడలేదు. తెప్ప వైపు చూస్తున్నాడు.

ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి కదా అని నేను, "కొత్త వల మేం కొనిస్తాం కాసులమ్మా, రేపే" అన్నాను.

"కొనండి బావూ" అంది ఆమె. పొద్దుటి నవ్వే నవ్వింది, కానీ ఈసారి కళ్ళు నా మీదే ఉన్నాయి. "నాను బెండ్లు కట్టుకున్నంతసేపూ ఆగమని కవళ్ళకి కూడా ఓ కబురెట్టండి."

తర్వాత వాళ్ళిద్దరూ నీళ్ళలో దిగి తెప్పని తిప్పుకున్నారు. సాయం పడదామని మేమూ ఒక పక్క పట్టాం. ఎల్లయ్య వద్దనలేదు, పట్టమనీ అనలేదు. తెప్ప ఇసకెక్కాక దుంగలకి చుట్టుకున్న వల పేలికలు కోసి పక్కన పడేశాడు. భార్యాభర్తలు ఆ పేలికలు మూటగట్టుకుని, చెరో కొసా పట్టుకుని, జెట్టీ ఊరి దారిన పోయారు. మేనల్లుడి ఇల్లు అటే.

ఎండ బాగా ఎక్కింది. నేను బోర్డులు కారు మీదికి ఎక్కించి కడుతున్నాను. అలలు ఇప్పుడు ఒకదాన్ని మించి ఒకటి మేట కొసన సాఫీగా విరుగుతున్నాయి, వాటి మీద ఎవరూ లేరు. కౌండిన్య తువ్వాలు కప్పుకుని కాసేపు వాటిని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, ఎవరో తనని తప్పు పట్టినట్టు, మాస్టారమ్మ వైపు తిరిగాడు. నిజానికి ఎవరూ పట్టలేదు.

"నేనతన్ని ఒక్క మాటన్నానా, మీరే చెప్పండి. పర్లేదనే కదా అన్నాను."

మాస్టారమ్మ ఈసారి అతని బోర్డు వైపు చూడలేదు. మొట్టమొదటిసారి మొహంలోకి చూసింది.

"పర్లేదనడం అతని వంతు డాక్టరూ" అంది. "అదీ నువ్వే ఎక్కేశావు."