గబ్బిలాల పురిటిల్లు

పూర్వం ఒక రాజ్యంలో ఏ ప్రాణిని చంపినా, చంపిన చేతిని నరికేయాలని శాసనం ఉండేది. అందుకే దివాను నరసరాజు తన అటక మీద చేరిన గబ్బిలాలను చంపించలేక, గోడలకు సున్నం వేసే పోలిని పిలిపించాడు.

"మనవడి బారసాలకి చుట్టాలొస్తున్నారు. ఈ కంపు భరించలేను. సాయంత్రం అవి మేతకు పోగానే, అవి వచ్చిపోయే కంత పూడ్చెయ్. లేదంటే ఊళ్లో ఉండవు!"

పోలి అటకెక్కి చూసింది. కళ్లు తెరవని పిల్లలు కీచుమంటున్నాయి. పూడిస్తే చెయ్యి పోతుంది, పూడ్చకపోతే గూడు పోతుంది.

"పిల్లలున్నాయి దొరా! తల్లులు రాకపోతే చచ్చిపోతాయి."

"చంపమన్నానా? కంత మూయమన్నాను. మూయడం చంపడం ఎలా అవుతుందే?"

పొద్దు వాలుతోంది. ఈ మాటలన్నీ వింటున్న దివాను కూతురు అప్పుడే పసిబిడ్డను గదిలో పడుకోబెట్టి, స్నానానికి పెరట్లోకి వెళ్లింది. పోలి ఆ గదికి గొళ్లెం పెట్టి అడ్డంగా నిలబడింది. లోపల బిడ్డ గుక్కపట్టి ఏడ్చాడు. తల్లి తడిబట్టలతో పరుగెత్తుకొచ్చింది.

"తలుపు తియ్యవే పాపిష్టిదానా! పసిగుడ్డును చంపుతావా?" దివాను గొంతు చించుకున్నాడు.

"చంపడమేంటి దొరా? తలుపు మూశానంతే," అంటూనే పోలి గొళ్లెం తీసేసింది.

కూతురు బిడ్డను గుండెకు హత్తుకుని అటక వైపు చూసింది. "నాన్నా, ఆ కంత జోలికి పోకండి" అంది.

పిల్లలకు రెక్కలు ముదిరి, తల్లులతో పాటు మేతకు ఎగిరిన సాయంత్రమే పోలి ఆ కంత పూడ్చింది. అంతవరకూ దివానుగారు మూసుకున్నది తన ముక్కు ఒక్కటే.