నాంచారమ్మ తెచ్చిన అయిదు గుడ్లు

కొల్లేటి మధ్య ఒక చిన్న లంకలో నాంచారమ్మ అనే ఇల్లాలు ఉండేది, మనసు వెన్నే గానీ తన చెయ్యి పడితే తప్ప లోకంలో ఏదీ చక్కబడదని ఆమె నమ్మకం.

ఎవరింట్లో పులుసు కాగుతున్నా వెళ్లి తానే ఉప్పు సరిచూసేది. ఎవరి బిడ్డ ఏడ్చినా తల్లి ఒళ్లోంచి అందుకుని తానే జోకొట్టేది. ఆమె మంచితనం ఎరిగినవాళ్లు గనక ఎవరూ ఏమీ అనేవారు కాదు. పొరుగింటి రాఘవమ్మ మాత్రం, "మన నాంచారమ్మ వెళ్లి తట్టి లేపకపోతే సూర్యుడు కూడా లేవడమ్మా" అని నవ్వేది.

నాంచారమ్మ ఇంట్లో ఇరవై పెంపుడు బాతులు ఉండేవి. పెంపుడు బాతుల సంగతి ఆ లంకలో అందరికీ తెలిసిందే. నడుస్తూ నడుస్తూ ఎక్కడో గుడ్డు పెట్టేసి, వెనక్కి తిరిగి చూడకుండా నీళ్లలోకి పోతాయి. పొదగాలన్న ధ్యాసే వాటికి ఉండదు. అందుకని బాతుగుడ్లు ఏరి తెచ్చి, పొదుగుడుకు వచ్చిన కోడిపెట్ట కింద పెట్టడం అక్కడి ఆనవాయితీ. అత్తగారి దగ్గర నేర్చుకున్న ఆ పనిలో నాంచారమ్మది అందె వేసిన చెయ్యి. ఆమె పెట్టించిన గుడ్డు మురిగిపోవడం ఎవరూ ఎరగరు.

ఒక కార్తీకమాసంలో, సాయంత్రం వేళ, ఆమె గేదెకు గడ్డి కోయడానికి ఇంటి వెనక గట్టు దిగింది. కిక్కిస గడ్డి దుబ్బుల మధ్య మెత్తటి ఈకలు కుప్పగా కనిపించాయి. తొలగించి చూస్తే కింద తొమ్మిది గుడ్లు. అడవి బాతువి. ముట్టుకుంటే గోరువెచ్చగా ఉన్నాయి. తల్లి జాడ మాత్రం లేదు. నాంచారమ్మ కాసేపు నిలబడి చూసింది. నీళ్ల మీద ఏ రెక్కా కదలలేదు.

"మా ఇంటి బాతుల్లాగే ఇదీ వదిలేసి పోయింది. పాపం, దిక్కులేని గుడ్లు" అనుకుంది.

ఇంట్లో పొదుగుడు మీదున్న పెట్ట ఒక్కటే ఉంది. దాని కింద అప్పటికే సొంత గుడ్లు ఉన్నాయి. ఇంకో అయిదుకు మించి పట్టవు. అయిదు గుడ్లు కొంగులో వేసుకుని, మిగిలిన నాలుగింటి మీద ఈకలు తిరిగి కప్పి, వాటికి రేపు రాఘవమ్మ పెట్టను అడుగుదామనుకుని వచ్చేసింది. తీరా మర్నాడు అడిగితే ఆ పెట్ట పొదుగుడు మానేసి పెరట్లో తిరుగుతోంది. ఆ నాలుగూ అక్కడే ఉండిపోయాయి.

ఆమె భర్త ఏడుకొండలు దోనె మీద చేపలకు వెళ్లేవాడు. నెమ్మదస్తుడు. సంగతి విని, ఆ తల్లి మేతకు పోయి ఉంటుందనీ, గుడ్ల మీద ఈకలు కప్పి వెళ్లిందంటే తిరిగి వస్తుందనేననీ చెప్పాడు.

"నువ్వు చేపల సంగతి చూసుకో మావా. బాతుల సంగతి నాకు చెబుతావా?" అంది నాంచారమ్మ.

ఏడుకొండలు తన వల సర్దుకోవడానికి వెళ్లిపోయాడు.

పదమూడో రోజున కోడి కింద అయిదు గుడ్లూ పగిలాయి. పసుపూ నలుపూ కలిసిన అయిదు పిల్లలు, అరచేతిలో పెడితే దూదిపింజల్లా ఉన్నాయి. నాంచారమ్మ వీధి వీధంతా తిరిగి చెప్పుకుంది. దేవుడి ముందు ఇంకొక ఒత్తి ఎక్కువ వేసి వెలిగించింది. పళ్లెంలో నూకలు పోసి, ముంతమూతలో నీళ్లు పెట్టి, ముందు కూర్చుంది.

పిల్లలు నూకల వైపు చూడలేదు. పెంపుడు బాతుపిల్లలైతే పళ్లెం మీద ఎగబడేవి. ఇవి మనిషి నీడ పడితే చాలు, గోడ మూలకు పరుగెత్తి ఒకదాని మీద ఒకటి నక్కేవి. కోడి కాలితో నేల దువ్వి రమ్మని పిలిచింది. ఆ పిలుపు వాటికి తెలిసిన పిలుపు కాదు. అవి గోడకేసి కీచుకీచుమంటూ వేరెవరినో పిలుస్తున్నాయి.

నాంచారమ్మ ఒక్కొక్క పిల్లనే పట్టుకుని, ముక్కు తెరిచి, జావ చుక్కలు వేసింది. జావ ఈకలకంటి అట్టకట్టింది. మర్నాడు పొద్దున్న చూస్తే ఒక పిల్ల చచ్చిపోయి ఉంది. ఇంకొకటి మెడ వాల్చేసింది.

ఏడుకొండలు మధ్యాహ్నం చేపల వేట నుంచి వచ్చేసరికి ఆమె బుట్ట ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. అతను దోనె గడ చూరుకు ఆనించి, తను చూసింది చెప్పాడు. వెనక గట్టు దగ్గర అడవి బాతు నీళ్ల మీద తిరుగుతోందట. వెంట నాలుగు పిల్లలున్నాయట. తల్లి ముందు ఈదుతుంటే, పిల్లలు ఆకుల మీది పురుగుల్ని తామే పట్టుకు తింటున్నాయట.

"ఎవరూ నోట్లో పెట్టడం లేదే, నాంచారీ" అన్నాడు మెల్లగా.

ఆమె బుట్టలోని పిల్లల వైపు చూసింది. తర్వాత, "దిక్కులేనివి కావు. నేనే దిక్కు లేకుండా చేశాను" అంది. "ఇప్పుడేం చెయ్యను మావా?"

"తల్లి దగ్గర దింపుదాం."

ఆ మాటకు నాంచారమ్మ బుట్టను దగ్గరికి లాక్కుంది. పరాయి పిల్ల దగ్గరికొస్తే కోడి పొడిచి చంపడం ఆమె ఎన్నోసార్లు చూసింది. ఈ తల్లీ అలాగే చేస్తే? ఆ భయమే చెప్పింది.

"చేస్తే చెయ్యొచ్చు. ఇక్కడ ఉంచితే మాత్రం రేపటికి ఒక్కటీ మిగలదు" అన్నాడు ఏడుకొండలు.

ఇద్దరూ దోనె ఎక్కారు. బుట్ట ఆమె ఒళ్లో ఉంది. కిక్కిస దుబ్బు దగ్గరికి రాగానే తల్లి బాతు కనబడింది. దోనెను చూడగానే దాని నాలుగు పిల్లలూ గడ్డిలో మాయమయ్యాయి. తల్లి మాత్రం ఒక రెక్క వేలాడేసుకుని, నీళ్లు చిందిస్తూ, కుంటుతున్నట్టుగా దూరంగా పోసాగింది.

"అయ్యో, దాని రెక్క విరిగింది. అటు పోనియ్యి మావా, పట్టుకుని కట్టు కడతాను" అని నాంచారమ్మ లేవబోయింది.

"కూర్చో" అన్నాడు ఏడుకొండలు. "దానికేమీ కాలేదు. మనల్ని పిల్లల దగ్గర్నుంచి అవతలికి లాక్కుపోతోంది. మనం వెంటపడితే తన ప్రాణం పోతుందని తెలియదంటావా?"

నాంచారమ్మ అలాగే కూలబడింది. నడుస్తూ గుడ్డు పెట్టిపోయే తన బాతుల్ని చూసి ఈ తల్లిని అంచనా కట్టినందుకు ఆమెకు తల దించుకోవాలనిపించింది.

బుట్టను నీటి అంచున వంచింది. నాలుగు పిల్లలూ జారాయి. మెడ వాల్చిన పిల్ల అక్కడే తేలుతూ ఉండిపోయింది. నాంచారమ్మ చెయ్యి ముందుకు పోయింది. మళ్లీ తనంతట తానే వెనక్కి తీసుకుని, రెండు చేతులూ ఒళ్లో ముడుచుకుంది. ఏడుకొండలు చప్పుడు కాకుండా దోనెను వెనక్కి నెట్టాడు.

పిల్లలు పిలిచాయి. తల్లి కుంటడం మానేసింది. మెడ నిక్కించి వింది. గొంతులోనే సన్నగా ఒక సవ్వడి చేసింది. ఆ సవ్వడికి మూడు పిల్లలు గీత గీసినట్టు దాని వైపు ఈదాయి. నాలుగోది కదల్లేదు. తల్లే దాని దగ్గరికి వచ్చింది. పొడుస్తుందేమోనని నాంచారమ్మ కళ్లు మూసుకుంది.

తెరిచేసరికి ఆ పిల్ల తల్లి రెక్క పక్కన ఆనుకుని ఉంది. జావ అంటిన దాని ఈకల్ని తల్లి ముక్కుతో దువ్వుతోంది. గడ్డిలోంచి మిగిలిన నాలుగూ బయటికి వచ్చాయి. ఏవి తను పొదిగినవో, ఏవి పరాయి ఇంట పుట్టి వచ్చాయో అది లెక్క చూడలేదు. ఎనిమిదింటినీ వెంటబెట్టుకుని కిక్కిసలోకి వెళ్లిపోయింది.

"తల్లీ, నా తప్పు నువ్వు దిద్దావు" అని నాంచారమ్మ ఆ బాతుకు దణ్ణం పెట్టింది. అలాగే కొల్లేటి దేవత పెద్దింట్లమ్మ గుడి ఉన్న దిక్కుకు తిరిగి మరోసారి పెట్టింది.

ఎనిమిదింటిలో అన్నీ దక్కలేదు. ఒకదాన్ని గద్ద తన్నుకుపోయింది, ఇంకొకటి ఏమైందో తెలియలేదు. మాఘమాసం వచ్చేసరికి మిగిలిన ఆరూ రెక్కలు విదిల్చి లంక మీదుగా ఎగిరాయి. నాంచారమ్మ వాకిట్లో నిలబడి అవి కనుమరుగయ్యేదాకా చూసింది. పోయినవాటిని తలచుకుని బాధపడింది, దక్కినవాటిని చూసి దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంది. గట్టు దిగువన ఆ దుబ్బు ఉన్న చోట ఆ ఏటి నుంచి ఆమె గడ్డి కోయలేదు, ఎవరినీ కోయనివ్వలేదు.

ఎదుటివారికి చేతకాదని మనమే తీర్మానించుకుని చేసే సాయం కీడే చేస్తుంది. ముందు వారి తెలివిని గౌరవించాలి, తప్పు దిద్దుకునే వీలు దొరికితే దాన్ని దేవుడి దయగా కళ్లకద్దుకోవాలి.