వరి వేషం వేసిన ఊదగడ్డి

అనగా అనగా, మరీ అంత పాతకాలం కాదు, చేలగట్ల మీద ఫోన్లు మోగే కాలమే. కాలవ మొదట్లో ఒక ఊరు. ఆ ఊళ్ళో కలుపు తీసే పైడమ్మ. ఆమె ఎవరితోనూ అనని మాట ఒకటుంది. వరికీ, వరిలా కనిపించే ఊదగడ్డికీ తేడా ఆమెకు తెలియడం మానేసి మూడేళ్ళయింది.

తల్లి నేర్పిన పద్ధతి వేరు. నడుం వంచాలి, ఆకు మొదలు విప్పి చూడాలి. అక్కడ తెల్లటి పొర ఉంటే వరి, లేకపోతే ఊద. పైడమ్మకు అంత ఓపిక లేదు. నిలబడే చూసేది. ఊద కాడకు ఎర్ర జీర ఉంటుంది, అది ఏ మొక్కకు కనబడితే దాన్ని పీకేసేది. ఇరవయ్యేళ్ళు అలాగే చేసింది. పదిమంది పని ఒక్కతే చేస్తుందని ఊరు మెచ్చుకుంది. కాలవ చివరి ఊళ్ళో ఉండే అన్న భార్య అచ్చియ్యమ్మ మాత్రం, "పీకడానికి వంగే నడుం చూడ్డానికి వంగదేం దొరసానమ్మా?" అని దెప్పేది.

ఆ యేడు పట్నంవాళ్ళు ఒక కంప్యూటర్ పెట్టె తెచ్చారు. దానికో గాజు కన్ను. "ఒక్కో మొక్కా చూపించి పేరు చెప్పు పైడమ్మా, అదే నేర్చుకుంటుంది" అన్నారు. పైడమ్మ మూడు రోజులు చెప్పింది. తెలిసినవి తెలిసినట్టు, తెలియనివి తోచినట్టు. పెట్టె ఊళ్ళో నారుమళ్ళన్నీ చూసి "అంతా వరే" అంది. జనం సంబరపడి దానికి 'పైడమ్మ కన్ను' అని పేరు పెట్టారు.

నాట్లు పడి రెండు నెలలు దాటాయి. ఒక మధ్యాహ్నం గాలి లేదు. చేలో నిలబడ్డ పైడమ్మకు ఒక దుబ్బు వెన్ను తీసి కనిపించింది. ముళ్ళముళ్ళ ఊద వెన్ను. పక్కన ఇంకొకటి. తల తిప్పితే, చేను చేనంతా తలలెత్తి ఆమె వంకే చూస్తోంది.

"ఎవరే మీకీ వేషం నేర్పింది?" అని అడిగింది.

"నువ్వే," అంది ఊద. "మాకు బుర్ర లేదు తల్లీ. ఎర్రగా పుట్టినవాళ్ళని పీకేశావు. పచ్చగా పుట్టినవాళ్ళని వదిలేశావు. వాళ్ళ బిడ్డలం మేం. యేటా నీ చేతులే మమ్మల్ని దిద్దాయి."

పైడమ్మ ఒక దుబ్బు పీకి, వెన్ను తుంచేసి, పంచాయతీ అరుగు మీదున్న పెట్టెకు చూపించింది.

"వరి," అంది పెట్టె. గొంతు అచ్చం పైడమ్మదే.

"ఎలా చెప్పగలవు?"

"ఇలాంటిదాన్ని మీరు వరి అన్నారు."

"నేను తప్పు చెప్పి ఉంటే?"

"తప్పు ఎలా ఉంటుందో మీరు నాకు చూపించలేదు."

అరుగు మీద కునికే కావలి సింహాద్రి కళ్ళు తెరిచాడు. "రేపు దీన్ని మీ వదిన ఊరు పట్టుకెళ్తున్నాం. కాలవ చివరికి నీళ్ళు ఇప్పుడేగా అందింది, ముందు ఆవిడ నారుమడే. ఇది సరే అంటే వెంటనే నాట్లట. నీ కన్ను చూశాక ఆవిడకింక భయమేముంది?"

వదినకు ఉన్నది ఒక్క ఎకరం. అది పండితేనే ఏడాది తిండి.

పైడమ్మ తిరిగి చేలోకి వచ్చింది. ఈసారి నడుం వంచింది. ఒక ఆకు మొదలు విప్పి చూసింది. తెల్లపొర లేదు. ఇంకొకటి. లేదు. మూడోదానికీ లేదు. ఇరవయ్యేళ్ళలో ఊద అన్నీ మార్చుకుంది, ఆ ఒక్క చోటు తప్ప. అక్కడ ఎవరూ చూడలేదు మరి.

చెబితే పేరు పోతుంది. పేరు పోతే పనికి పిలిచేవాళ్ళుండరు. వదిన దెప్పుళ్ళు చచ్చేదాకా వినాలి.

గాలి లేకుండానే ఊద తలలూపింది. "మాట్లాడకు తల్లీ," అంది మెల్లగా. "నువ్విలాగే ఉంటే మేం ఇంకా బాగా నేర్చుకుంటాం."

పైడమ్మ బొడ్లోంచి ఫోన్ తీసింది. చేతులకున్న బురద చీరకు తుడుచుకుంది. వదిన పేరు మీద వేలు పెట్టింది.

పిల్లలూ, గడ్డి నేర్చుకుంది, పెట్టె నేర్చుకుంది, వాటిది తెలివి అంటే అననివ్వండి. 'నాకు తెలియలేదు, తప్పు చెప్పాను' అని నోరు విప్పి ఒప్పుకోవడం మాత్రం మనిషి చేయాల్సిన పని, అది దాచిన పూట మన తప్పే మనకన్నా బాగా చదువుకుంటుంది.