మసి అంటని వేళ్లు

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లండి. లక్ష తాటాకు పుస్తకాలకు మసి రుద్దిన చేతులివి.

మా రాజుగారి కొలువులో విరూపాక్ష శాస్త్రి కొత్త పుస్తకాలకు తీర్పు చెప్పేవాడు. ఆయన చెత్త అంటే అది ఏట్లో కలవాల్సిందే. ఒకరోజు మూడు పుస్తకాలొచ్చాయి. కావ్యం చప్పగా ఉందన్నాడు, వంటల పుస్తకంలో ఛందస్సు లేదన్నాడు. మా బావ పన్నెండేళ్లు రాసిన పశువైద్యాన్ని "గొడ్లు కూడా ముట్టవు" అన్నాడు. సభ నవ్వింది. బావ ముఖం పాలిపోయింది.

నేను లేచాను. "ప్రభూ, గంటంతో గీసిన అక్షరం కనబడాలని ఆకులకు నూనెమసి రుద్దేది నేనే. ఈ మూడూ నిన్న రుద్దినవే. ఆకు తిప్పినవాడి వేళ్లకు ఆ మసి మూడు రోజులు వదలదు. శాస్త్రిగారి వేళ్లు చూడండి, మల్లెమొగ్గల్లా ఉన్నాయి."

శాస్త్రి చేతులు ఉత్తరీయంలో దాచుకున్నాడు.

"బయటికి తీయండి," అన్నారు రాజుగారు. "పశువైద్యం మొదటి ఆకు నుంచి, మా ఎదుటే చదవండి."

బావ పుస్తకం ఏటి ముఖం చూడలేదు. శాస్త్రి ఆనాటి నుంచి చదవకుండా నోరు విప్పలేదు. నమ్మరా? ఆయన పంచెలకు అంటిన మసి వదల్చలేక నన్ను ఈనాటికీ తిడుతుంది, బట్టలుతికే సూరాలమ్మ. వెళ్లి అడగండి.